పెద్దసాబు వార్డులో ‘మర్మర్’ అని రాయకూడదు

నేను స్టెతస్కోపు మేకుకు తగిలించి చాలా ఏళ్లయింది. అయినా కొత్తగా డాక్టరు చదువు పూర్తి చేసిన పిల్లలు ఎవరో ఒకరు హన్మకొండలో మా ఇంటికి వస్తూనే ఉంటారు. “మీ కాలంలో యంత్రాలు లేకుండా ఎట్లా నెట్టుకొచ్చారండీ?” అని అడుగుతారు, అయ్యో పాపం అన్నట్టు మొహం పెట్టి. నాకు ఒళ్లు మండుతుంది. పాపం అనాల్సింది ఎవర్ని చూసో తరవాత తేల్చుకుందాం, ముందు కూర్చోండి. నా బదిలీలు, ప్రమోషన్లు, పెన్షను కాయితాల గొడవ మీకు చెప్పను. పందొమ్మిదివందల నలభైల్లో, నిజాం రోజుల్లో, వరంగల్లులో బజారు వర్తకులు చందాలేసుకొని నడిపిన ఒక ధర్మ దవాఖానలో జూనియర్ లేడీ డాక్టరుగా చేరాను. ఆ దవాఖాన ఇప్పుడు లేదు. అక్కడ గుండెను వినడం ఎట్లా నేర్చుకున్నానో, నేర్పినాయన ఎట్లాంటి మనిషో, అదే చెబుతాను. ఇన్నేళ్లయినా నాకు ఆ ఆశ్చర్యం తీరలేదు.

ఇంగ్లీషోడి సంచి

మా పై అధికారిని ఊరంతా పెద్దసాబు అనేది. మనిషి ఎత్తు, మాట కటువు, మీసం తెల్లన. కోపమొస్తే వరండాలో చెప్పులు విప్పుకుంటున్న రోగి మళ్లీ తొడుక్కొని వెళ్లిపోయేవాడు. ఆయన వార్డులో ఒక కట్టుబాటు ఉండేది. కేస్ షీటు మీద ‘మర్మర్’ అనే మాట ఎవరూ రాయకూడదు.

డాక్టర్లు కానివాళ్లు కూడా ఇది చదువుతారేమో, అందుకని చెబుతున్నాను. గుండె మామూలుగా రెండు చప్పుళ్లు చేస్తుంది, లబ్, డబ్. వాటి మధ్య ఏమీ వినపడకూడదు. లోపల కవాటం పాడైతే ఆ ఖాళీలోకి ఇంకో చప్పుడు వచ్చి దూరుతుంది. దాన్ని ఇంగ్లీషు పుస్తకాలు మర్మర్ అంటాయి. అది విన్నాక రాయవద్దంటే ఇంకేం రాయాలి? చేరిన వారంలోనే నేను ఆ మాట రాసి దొరికిపోయాను.

“మర్మర్ అంటే ఏంది బిడ్డా?” అన్నాడు, కేస్ షీటు నా మొహం ముందు ఆడిస్తూ. “గది ఇంగ్లీషోని సంచి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, అన్నీ అండ్లనే ఏస్తడు. నువ్వు ఇన్నది ఏందో నాకు చెప్పు. మీ ఇంట్ల, మీ వాడకట్టుల ఏ సప్పుడు లెక్కున్నదో చెప్పు. నోరు తెరిచి గట్టిగ చెప్పు, ముక్కుల గొణిగితే నాకొద్దు.”

అంతటితో అయిపోదు. ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు వేరువేరుగా వినాలి, ఒకరు చెప్పేటప్పుడు రెండోవారు బయట ఉండాలి. ఇద్దరి మాటా కుదిరితేనే ఆయన నోరు విప్పేవాడు. కుదరకపోతే మళ్లీ పొండి, మళ్లీ వినండి. నాతోపాటు పనిచేసే డాక్టర్ యూసుఫ్ ఈ తతంగానికి ‘పెద్దసాబు పాఠశాల’ అని పేరు పెట్టాడు.

యూసుఫ్ భాయ్ మొదట్లో బాగా తిట్లు తిన్నాడు. ఒకసారి ఏదో విని, “సర్సరాహట్ సాబ్” అన్నాడు, ఉర్దూలో దర్జాగా.

“ఏం సర్సరాహట్? ఎండుటాకులదా, పట్టుచీరదా, గడ్డిల పాము పోయిందా?”

“పట్టుచీరది సాబ్.”

“కొత్తదా, పాతదా?”

వార్డు వార్డంతా పకాలున నవ్వింది. యూసుఫ్ మొహం కందగడ్డయింది. కానీ అదే యూసుఫ్, తరవాత కొన్నాళ్లకు, గుండెనొప్పితో వచ్చిన ఒక హమాలీని చూసి బయటికొచ్చి, “సాబ్, కొత్త చెప్పులేసుకొని ఎవరో నడుస్తాన్నట్టున్నది. కిర్రు, కిర్రు” అన్నాడు. నేను లోపలికి పోయి వింటే నాకూ అదే, కొత్త తోలు. పెద్దసాబు హమాలీ ఛాతీ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు, తరవాత మొక్కుబడిగా స్టెతస్కోపు పెట్టి తీసేశాడు. “కవాటం మంచిగనే ఉన్నది. గుండె మీది పొర వాచింది. పండుకోవెట్టుండ్రి, బస్తాలు మొయ్యనియ్యకుండ్రి” అన్నాడు. ఆయన చెప్పినట్టే అయింది, హమాలీ కోలుకొని తన కాళ్లమీద తాను ఇంటికి పోయాడు. నేనైతే నోరెళ్లబెట్టాను. మేం అంతసేపు చెవులు రిక్కించి విన్నది ఈయనకు క్షణంలో తెలిసిపోయిందే, ఇదేం వినికిడిరా నాయనా అనుకున్నాను.

ఆ మాటకు ఎన్ని మొహాలు

తిట్లు తిని తిని నాకూ పట్టుదల వచ్చింది. ఒక ఆదివారం మా నాన్నగారి పాత ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ముందేసుకొని ఆ ఒక్క మాట తీశాను. గొణుగుట, సణుగుట, గుసగుసలాడుట, ఏటి నీటి గలగల, తేనెటీగల రొద, ఆకుల కదలిక, అసంతృప్తి, ఇంకా చివర్లో వైద్యుల అర్థం. ఒక్క మాట నెత్తిన ఇంత బరువా అనిపించింది.

మనకు ఇవన్నీ ఒకటి కావు కదా. గుసగుసకు ఇద్దరు కావాలి, గొణుగుడుకు ఒక్కరు చాలు. గొణుగుడు ఎదుటివాడికి వినపడకూడదని, సణుగుడు వినపడాలని. సవ్వడి అంటే చెవికి ఇంపు, రొద అంటే చిరాకు. అలికిడి అంటే మనిషి కనపడకముందే తెలిసిపోవడం. చప్పుడుకు కొట్టే వస్తువు ఉండాలి, హోరుకు అక్కర్లేదు. ఇన్నేళ్లూ ఈ మాటలన్నీ నా నోట్లోనే ఉన్నాయి, వాటితో ఒక మనిషి గుండెలో ఏం జరుగుతోందో చెప్పవచ్చని మాత్రం తట్టలేదు.

ఇంకో వింత చూడండి. ఎండుటాకులు కదిలితే వచ్చే ధ్వనిని సంస్కృతంలో మర్మరం అంటారు. ఆ మాటకూ ఈ మాటకూ చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చుకోవాలి. నాకు తోచింది ఇది: ఏ దేశంలోనైనా ఎండుటాకు ఒకే తీరున కదులుతుంది, వినే చెవీ ఒకటే. ఆరోజు అన్నం కూడా మరిచిపోయి కూర్చుంటే అమ్మ వచ్చి, “ఏమే, దయ్యం పట్టిందా?” అని కసిరింది.

కొత్త డాక్టర్లకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. పేరు తెలిస్తే వినడం ఆపేస్తాం. ‘మర్మర్’ అని రాయగానే చెవి తన పని అయిపోయిందనుకుంటుంది. పోలిక వెతకమంటే చెవికి మళ్లీ పని పడుతుంది. పెద్దసాబు కట్టుబాటులో ఉన్న కిటుకు ఇంతేనని అప్పట్లో అనుకున్నాను.

కేసముద్రం కోడలు

రుక్కమ్మ కేసముద్రంలో ధాన్యం వ్యాపారం చేసేవారి కోడలు. అత్త అండాళమ్మ ఆమెను రైల్లో తీసుకొచ్చింది. తొలిచూలు, ఏడో నెల. పడుకుంటే ఊపిరాడదు, నాలుగు అడుగులేస్తే ఆయాసం, రాత్రిళ్లు దగ్గు. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి.

“దమ్ము బిడ్డా” అంది అండాళమ్మ, ఉబ్బసం అని ఆమె ఉద్దేశం. “మా ఊరి డాక్టరు దమ్ముకు సూది రాసిచ్చిండు, మా దగ్గర గా సూది దొరుకుతలేదు. గది ఏసి పంపియ్యుండ్రి. జర జల్ది చూడుండ్రి, మాపటి రైలుకు పోవాలె.”

ఆ ఇళ్లల్లో కోడళ్లను మగ డాక్టరు ముట్టుకోకూడదు. మంచం చుట్టూ తెర కట్టేవాళ్లం. నేను లోపల విని, బయటికొచ్చి, పెద్దసాబు ఎదురుగా నిలబడి చెప్పాలి. ఇక్కడ రెండో లేడీ డాక్టరు లేదు, నా రెండు చెవులే దిక్కు.

విన్నాను. ఊపిరితిత్తుల్లో పిల్లికూతలున్నాయి, అచ్చం ఉబ్బసంలాగానే. గుండె మాత్రం పరుగెత్తుతోంది, అందులో నాకు వేరే ఏమీ తేలలేదు. బయటికొచ్చి అదే చెప్పాను.

“ఎడమ పక్కకు తిప్పి పండవెట్టు. చన్ను కింద పెట్టి, అక్కడనే ఉంచు. తొందరేంది? రైలు ఆమెకున్నది, నీకు లేదు” అన్నాడు.

తిప్పి పడుకోబెట్టాను. కళ్లు మూసుకున్నాను. బయట వరండాలో ఎవరో బకెట్టు ఈడుస్తున్నారు, అది ఆగేదాకా ఆగాను. అప్పుడు వినపడింది! రెండు చప్పుళ్ల నడుమ ఏమీ లేదనుకున్న చోట ఏదో తిరుగుతోంది. అదేమిటో పోల్చుకున్నాను. పరుగున తెర బయటికి వచ్చాను.

“ఇసుర్రాయి సార్! పక్కింట్ల గోడ అవతల ఇసుర్రాయి తిప్పుతాన్నట్టున్నది. మెల్లగ గుర్రుమని. చివరికొచ్చేసరికి చెయ్యి జోరైతాంది. ఎంబడే తలుపు దబ్బున మూసినట్టు.”

పెద్దసాబు నా మొహాన్నే చూస్తూ అంతా విన్నాడు. “ఇంకోపారి చెప్పు” అన్నాడు. చెప్పాను. ఆయన మొహంలో రంగు మారింది.

“చిన్నతనంల కీళ్లు వాచి జరమొచ్చిందా అడుగు.”

వచ్చింది. తొమ్మిదో పదో ఏట, మోకాళ్లు, మణికట్లు ఒకదాని తరవాత ఒకటి వాచి, చాలారోజులు మంచంలో ఉందట. తల్లిగారింటి ముచ్చట, అత్తకు తెలియనే తెలియదు.

“దమ్ము కాదు” అన్నాడు పెద్దసాబు. “గుండెల కవాటం సన్నబడ్డది. నెత్తురు అండ్లకెల్లి పోలేక ఎనుకకు తన్నుతాంది. గా సూది ఏస్తే గుండె ఇంకింత ఉరుకుతది, మనిషి దక్కది. కాన్పుల ముక్కినా దక్కది. ఇక్కడ్నే ఉంచుండ్రి, కానేదాక.”

అప్పట్లో ఆ కవాటానికి కోత వైద్యం మాకు అందుబాటులో లేదు. చేతిలో ఉన్నవి విశ్రాంతి, గుండెకు ఒక మందు, ఉప్పు లేని తిండి, అంతే. అండాళమ్మకు ఈ సంగతి చెప్పడం నా వంతయింది. రెండు నెలలు దవాఖానలో అంటే ఆమె కస్సుమంది, బజారులో పరువు పోతుందంది, చివరికి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. “పెద్దమ్మా, తీస్కపోతే ఇద్దరూ దక్కరు. ఉంటే దక్కొచ్చు. నేను ఒట్టు పెట్టలేను” అన్నాను. ఆమె కళ్లు తుడుచుకొని, “అయితే నేను గూడ ఈన్నే ఉంట. పొయ్యి ఏడ పెట్టుకోవాల్నో చూపియ్యి” అంది.

మంచంలో దిండ్లకు ఆనుకొని కూర్చున్న రుక్కమ్మ ఇదంతా విన్నది. అత్త అటు పోగానే నా చెయ్యి పట్టుకుంది. “డాక్టరమ్మా, నాలోపల గా ఇసుర్రాయి నాక్కూడ ఇనిపిస్తవా?” అని అడిగింది. స్టెతస్కోపు ఆమె చెవులకు పెట్టాను. చాలాసేపు విన్నది. “ఎవలు తిప్పుతాన్లో గని, ఆగకుంట తిప్పుతాన్లు. పాపం” అంది. భయపడుతుందేమో అనుకున్నాను గానీ ఆమె తన గుండె మీద జాలిపడింది.

తొక్కు సంగతి

ఇక మీరు జాగ్రత్తగా వినాల్సింది ఇది, ఎందుకంటే రేపు మీకూ జరుగుతుంది. ఉప్పు ముట్టవద్దని చెప్పాం. అండాళమ్మ దవాఖాన వెనకాల పొయ్యి పెట్టుకొని కోడలికి చప్పిడి కూరలు వండుతోంది. మొదట్లో రుక్కమ్మ తేరుకుంది, పెదవులకు ఎర్రదనం వచ్చింది. అంతలో ఒకరోజు పొద్దున చూస్తే మళ్లీ ఆయాసం, కాళ్లు పొంగాయి. వీపు మీద అడుగున విన్నాను, బయటికొచ్చాను.

“పేలాలు ఏగుతాన్నయ్ సార్. రెండు పక్కల, అడుగున. సన్నగ చిటపట.”

“నీళ్లు చేరినయ్. ఉప్పు యాడికెల్లో వస్తాంది, దొరకవట్టు.”

అండాళమ్మను నిలదీశాను. ఆమె దేవుళ్లందరి మీదా ఒట్లు పెట్టింది. “కూరల రవ్వంత ఉప్పేస్తె నా కండ్లు పోవాలె. కాకపోతె బిడ్డా, సప్పిడి ముద్ద గొంతు దిగుతలేదని ఏడుస్తాంటే జర తొక్కేసి పెడ్తాన్న.”

“ఏం తొక్కు?”

“చింతకాయ తొక్కు. రోజూ గదే తింటదా ఏంది, నడుమ నడుమ మామిడికాయది.”

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఊరగాయలో ఉప్పు కాక ఇంకేముంటుంది! అరవబోతుంటే పెద్దసాబు నన్ను ఆపాడు. ఆయన నవ్వుతున్నాడు. “ఆమెననకు. మనం ఉప్పొద్దన్నం, తొక్కొద్దనలేదు. తొక్కు లేకుంట ఏ ఇంట్ల బువ్వ తింటరు? మనమే అడగాలె” అన్నాడు. నాయనా, మందు రాసేవాళ్లారా, రోగి ఇంట్లో కంచం ఎట్లా ఉంటుందో తెలియకుండా పథ్యం చెప్పకండి. తొక్కు జాడీ నా గదిలోకి వచ్చింది, ఒంట్లో నీళ్లు తీసే సూదిమందుతో రుక్కమ్మ కాళ్ల పొంగు తగ్గింది. ఆ తొక్కు మాత్రం అమోఘం, ఆ మాట దాచను.

కాన్పు

నెలలు నిండి నొప్పులు మొదలైనరోజు పెద్దసాబు తెర లేకుండానే కాన్పు గదిలోకి వచ్చాడు. అండాళమ్మ అడ్డు చెప్పలేదు. తనే తలుపు తీసి, ఆయన కాళ్లకు దండం పెట్టి బయట కూర్చుంది.

రుక్కమ్మను పడుకోబెట్టకుండా దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. ముక్కవద్దని ముందే చెప్పాం. ఆమె ముక్కకుండా నేనే పటకారుతో బిడ్డను తీయాలి. తీశాక అసలు గండం. అప్పటిదాకా కడుపులో ఆగిన నెత్తురంతా ఒక్కసారిగా గుండెకు పోతుంది, ఆ సన్నటి దారిలో పట్టదు. అందుకని కడుపు మీద పెట్టడానికి ఇసుక సంచి సిద్ధంగా ఉంచుకున్నాం. పెద్దసాబు తలాపున నిలబడి ఆమె నాడి పట్టుకున్నాడు, చూపు ఆమె మొహం మీదనే ఉంచాడు.

“మెల్లగ ఊపిరి తీస్కో బిడ్డా. నువ్వేం చెయ్యకు. గంతా మేమే చేస్తం” అంటున్నాడు. అంత మెత్తగా మాట్లాడగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

బిడ్డ వచ్చింది. ఆడపిల్ల. నీలంగా, కదలకుండా ఉంది, తల్లికిచ్చిన మత్తు బిడ్డకూ ఎక్కింది. నర్సమ్మ చేతికిచ్చి నేను ఇసుక సంచి అందుకున్నాను. నర్సమ్మ మూలకు తీసుకుపోయి బిడ్డ నోరు తుడిచింది, అరికాళ్లు తట్టింది, వీపు రాసింది. నా చేతులు పని చేస్తున్నాయి గానీ నా ప్రాణం ఆ మూలకే పోయింది.

అప్పుడు ఏడ్చింది. ఏం ఏడుపు! కిటికీలు అదిరాయి. తలుపు బయట అండాళమ్మ, “ఏడ్సింది! మా బిడ్డ ఏడ్సింది!” అని తలుపు బాదుతోంది. రుక్కమ్మ కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

పెద్దసాబు, రుక్కమ్మ నాడి వదలకుండా, తల తిప్పకుండా, ఆందోళనగా అడిగాడు. “ఇంక ఏడుస్తలేదేంది?”

నర్సమ్మ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బిడ్డ గుక్కపట్టి మరీ ఏడుస్తోంది, ఆయన వీపు వెనకే.

పెద్దసాబుకు చెవులు వినపడవు. కొద్దిగా తగ్గడం కాదు, ఆ ఏడుపు కూడా వినపడనంత. మనం మాట్లాడితే పెదవులు చూసి పోల్చుకునేవాడు. రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టడం పైకి చూపించడానికే. హమాలీ గుండె పొరను, రుక్కమ్మ కవాటాన్ని ఆయన కనిపెట్టింది మా మాటల్లోంచి. కొత్త చెప్పులు, ఇసుర్రాయి, పేలాలు అని మేం చెబుతుంటే ఎప్పుడో తన చెవులు బాగున్నరోజుల్లో విన్నవన్నీ పోల్చుకొని రోగం పేరు చెప్పాడు. ఇసుక సంచి వదిలేస్తానేమోనని గట్టిగా అదిమి పట్టుకున్నాను.

ఇక్కడ ఆగి నా అభిప్రాయం చెప్పాలి, చెప్పకపోతే మీరు నన్ను వదలరు. చెవుడున్న మనిషి ఆ సంగతి దాచి వార్డు నడపడం తప్పే. నా చెవి పొరపడి ఉంటే రుక్కమ్మ పోయేది, సరిదిద్దేవాళ్లు లేరు. ఇద్దరు వేరువేరుగా వినాలన్న కట్టుబాటు ఆయన తన లోటుకు కట్టుకున్న గట్టు, ఆడవాళ్ల వార్డులో ఆ గట్టు కూడా లేదు. తరవాత ఆయనతో ఈ మాట మొహం మీదే అన్నాను. “నిజమే బిడ్డా” అన్నాడు, సంజాయిషీ ఇవ్వలేదు. ఆ మరునాడే దవాఖాన నడిపే వర్తకుల కమిటీకి తనే చెప్పుకొని వైద్యం మానేశాడు, చదువు చెప్పడానికి మాత్రం వచ్చేవాడు. ఇంత తెలిసీ నేను ఆయనకు దండమే పెడతాను. చెవులున్న డాక్టర్లు నాకు చాలామంది తగిలారు, అంత శ్రద్ధగా విన్నవాడు ఒక్కడూ తగల్లేదు. ఇది న్యాయమా అంటే నాకు తెలియదు.

రుక్కమ్మ ఏమైందని మీ ప్రాణం కొట్టుకుంటోంది కదా. ఆ పూటంతా గండమే, మరునాటికి నాడి నిలకడపడింది. బతికింది. బిడ్డనెత్తుకొని అదే రైల్లో కేసముద్రం పోయింది. ఇంకో కాన్పు వద్దని అండాళమ్మతో నేను ఒట్టు వేయించుకున్నాను, ఆమె మాట తప్పలేదు.

కానీ నాకు మిగిలింది ఆ గదిలోని ఆ క్షణమే. పెద్దసాబు తల తిప్పి నా వైపు చూశాడు. మా మొహాలు చూడగానే ఆయనకు అర్థమైపోయింది, తన గుట్టు మాకు తెలిసిందని. పెద్ద మనిషి, అందరూ హడలిపోయే మనిషి, కళ్లు దించుకున్నాడు.

“ఏడుస్తాంది సార్” అన్నాను, ఆయనకు కనపడేట్టు పెదవులు బాగా కదిలించి.

“ఎట్ల?” అన్నాడు.

ఇంత నేర్పాడు, ఇప్పుడొక్క మాట దొరకదే! ఏ పోలిక పట్టుకున్నా చాలడం లేదు. నేను నోరు తెరిచి మూస్తుంటే నర్సమ్మ ఇక ఆగలేదు. గుడ్డలో చుట్టిన బిడ్డను తీసుకొచ్చి ఆయన ముందు పెట్టింది. నాడి పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉంచి, ఆయన రెండో అరచెయ్యి బిడ్డ ఛాతీ మీద ఆనించాడు. పిట్టంత ఛాతీ, ఆ చేతి కింద మొత్తం కనపడకుండా పోయింది. బిడ్డ ఏడ్చినప్పుడల్లా ఆయన వేళ్లు కదులుతున్నాయి.

“ఆఁ, ఇనవడ్తాంది” అన్నాడు పెద్దసాబు.